కరపత్రం మడతలో వాషర్

బుధవారం రాత్రి, విజయవాడ

ఈ రోజు మా వంటింట్లో నాగమణక్కకు అన్యాయం జరిగింది. తిట్టింది అమ్మ. తప్పు చేసింది మాత్రం నేను.

బెంజ్ సర్కిల్‌లో నాన్న ముచ్చటపడి కొన్న ఎస్ప్రెసో కాఫీ మెషీన్ కింద పొద్దున నీళ్లు నిలిచి, గట్టు కింది చెక్క ఉబ్బిపోయింది.

"దాన్ని ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను నీకు?" అంది అమ్మ.

"నేను చెయ్యే పెట్టలేదమ్మగారూ!"

అమ్మ వినలేదు. రేపటినుంచి పనికి రావద్దంది. తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో చేస్తున్న మనిషిని!

నాకు ఒళ్లు మండిపోయింది. రుజువు లేకుండా శిక్ష వేసే యజమానుల గురించి గొంతు చించుకుని అరిచాను.

"ఉపన్యాసం తర్వాత ఇద్దువుగాని, ముందా పైపు చూడు" అంది అమ్మ. అక్క చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

పానాతో మెషీన్‌కు నీళ్లొచ్చే పైపు విప్పితే లోపల రబ్బరు వాషర్ లేదు. ఆదివారం మెషీన్ విప్పి శుభ్రం చేసింది నేనే. వాషర్ ఎక్కడైనా పోతుందని, చదువుతున్న కార్మిక హక్కుల కరపత్రం మడతలో పెట్టిందీ నేనే. ఇంకా అక్కడే ఉంది. పెట్టి బిగించాను, కారడం ఆగింది.

"మా నాయనే, బాగుచేశావా!" అని అమ్మ మురిసిపోతే తల ఊపి ఊరుకున్నాను. అంత అరిచిన గొంతు అప్పుడెందుకు పెగల్లేదో.

సాయంత్రం అక్కకు ఫోన్ చేసి, రేపొకసారి రమ్మన్నాను.

"ఎందుకు బాబూ, మిగిలిన తిట్లు తినడానికా?"

"ఈసారి తిట్లు నాకే అక్కా."

చాలా అలసటగా ఉంది. అమ్మ ఆమెను మళ్లీ పెట్టుకుంటుందో లేదో...

రేపు ఉదయం ఏడింటికి, ఇంకా ఎవరూ కాఫీ తాగకముందే, అమ్మా నాన్నా నాగమణక్కా అందరూ వంటింట్లో ఉండాలి.