డ్రాగన్ బతికి వచ్చింది

షాహీన్ వాళ్ల నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నెపోలియన్ కాలపు యుద్ధాల్లో డ్రాగన్లు పోరాడే ఆ ఇంగ్లీషు నవలను నువ్వు కువైట్ నుంచి ఫోనులో తెలుగులో చెబుతుంటే, నేను ప్రొద్దుటూరులో మన మిద్దె మీద కూర్చుని వినేదాన్ని. గాయపడిన డ్రాగన్, దాని మీద స్వారీ చేసే కెప్టెన్‌తో సహా సముద్రంలో పడిందని చెప్పిన వారమే నువ్వు పనిచేసే చోట కుప్పకూలావు, మళ్లీ లేవలేదు.

నీ సామాన్లతో వచ్చిన ఆ పుస్తకాన్ని మన కూతురు షాహీన్ ఈరోజు చదివి ముగించింది.

"అమ్మా, డ్రాగన్ సావలేదు. కెప్టెన్ దాన్నెక్కి ఇంటికొచ్చినాడు. ఇది నాయనకు తెలుసునా?"

"ఏమో మే, నాకు తెల్దు."

అది ఏడ్చింది. దగ్గరికి తీసుకునే ఓపిక కూడా లేక గోడకానుకుని చూస్తూ ఉండిపోయాను. ఆ డ్రాగనూ, కెప్టెనూ క్షేమంగా తిరిగొచ్చినందుకు నాకు కోపంగా ఉంది.

ఫాతిమా