బతికినందుకు బగారన్నం

జూన్ 2, సోమవారం
ప్రొస్టేట్ క్యాన్సర్ ఆపరేషనై మూడు నెలలు. ఇయ్యాల డాక్టర్ పద్మశ్రీ మేడం నా కడుపు దిక్కు సూసి, "దేవానందం గారూ, ప్రొస్టేట్ మేం తీసేశాం. ఆ పొట్ట మీరే తీసెయ్యాలి" అన్నది. లావుంటే ఉచ్చ లీకు జల్దీ ఆగదంట. ఏండ్లు గడిచినంక జబ్బు మళ్లొచ్చే భయం గూడ ఎక్కువంట.
బరువు 98. డిసెంబర్ లోపల 85! పొద్దుగాల నాచారం చెరువు దాంక నడక. రాత్రి జొన్నరొట్టె. అన్నం బంద్! మల్లాపూర్ల ముప్పయ్యేండ్లు లేత్ మిషిన్ మీద ఇనుము చెక్కినోన్ని. పొట్టెంత!

జూన్ 4
నడిసిన. రొట్టె తిన్న. నా భార్య పాపమ్మ "ముఖం తేటగైంది" అన్నది. రెండ్రోజులకే!

జూన్ 7, శనివారం
నేను బతికినందుకు మా చర్చోళ్లు ఇంటింట్ల కృతజ్ఞత కూడికలు పెడుతుండ్రు. మొదటిది కమలకుమారక్క ఇంట్ల. "ప్రభువా, మా అన్న ఆరోగ్యం కాపాడు" అని అక్క ప్రార్థన. ఆమెన్ అనంగనే బగారన్నం, మటన్! కూడిక ఎవరికోసమో ఆయనకే ముందు వడ్డించాలె. వద్దంటే అక్క కండ్లల్ల నీళ్లు. ఒక్క ముద్దే అనుకున్న. మూడుసార్లు పెట్టిచ్చుకున్న.

జూన్ 10
లాలాపేట్ల శశిధర్ ఇంట్ల కూడిక. డబల్ కా మీఠా. బ్రెడ్డే గద, జొరమొచ్చినోళ్లు గూడ తింటరు.
నడక లేదు. వాన.

జూన్ 11
వాన లేదు. మోకాలు నొప్పి.

జూన్ 14, శనివారం
పాస్టర్ క్రిస్టోఫర్ అయ్యగారి ఇల్లు. చికెన్ తిన్నంక తుమ్మొచ్చింది. ప్యాడ్ దాటి ప్యాంటు తడిసింది. తెల్ల ప్యాంటు! అందరు లేసి పాట పాడుతుంటే నేను కుర్చీలకెళ్లి లేవలే, కండ్లు మూసుకున్న. "అన్న ఎంత భక్తిల మునిగిండో!" అన్నది కమలకుమారక్క. ఏడుపొక్కటే తక్కువ.

జూన్ 16
మందుల షాపుల బరువు సూసిన, 101. మిషిన్ ఖరాబైనట్టుంది. ఇంకో షాపుల సూసిన. 102.

జూన్ 21, శనివారం
మా ఇంట్లనే కూడిక. అయ్యగారు ప్రార్థన విన్నపాలు అడిగిండు. పాపమ్మ లేసింది.
"మా ఆయనకు ఇగ ఎవ్వరూ బువ్వ పెట్టొద్దు. గదే నా విన్నపం. బతికినందుకు గిట్లనే పెడితే, ఆయన నాకు మిగుల్తడా?"
అయ్యగారు మెల్లగ "ఆమెన్" అన్నడు. అందరికన్న గట్టిగ నేనన్న.
అందరికీ బగారన్నం. నాకు రొట్టె.

జూన్ 22
పొద్దుగాలనే ఫ్రిజ్ తీసిన. రాత్రి మిగిలిన బగారన్నం, రెండు ముద్దలు తిన్న. ఎనకకు తిరిగితే పాపమ్మ! చెప్పులేసుకున్నది.
"నడువు, నేను గూడ వస్త. ఇంక మస్తేండ్లు నీతోని కొట్లాడేదుంది."
చెరువు దాంక పోయినం. ఆమెనే ముందు.
బరువు 102. డిసెంబర్ లోపల 85! అన్నం రేపట్నుంచి బంద్!