సూది కొస

ఇబ్రహీంపట్నం,
ఆదివారం

ప్రేమగల యశోదక్కకు,

ఫోన్‌లో నీకు సగం వినిపించదు, వినిపించిన సగానికి తిడతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

రెండేళ్లుగా నీ దగ్గర ఒక మాట దాచాను. నా బిడ్డ శివాని విషజ్వరంతో పోయిందని చెప్పాను కదా. జ్వరం నిజమే. కానీ మందు ఎక్కించడానికి మెడలోని పెద్ద నరానికి సూది వేస్తే, అది నరం దాటి ఊపిరితిత్తికి తగిలింది. దవాఖాన వాళ్లెవరూ చెప్పలేదు. సూది వేసిన డాక్టరు శ్రీసుధే పదకొండో రోజు ఇంటికొచ్చి, నేల మీద కూర్చుని చెప్పింది. "స్కానింగ్ తెర మీద తెల్లచుక్క కనిపించిందమ్మా. సూది కొస అనుకున్నాను. అది సూది నడుమండి. కొస అప్పటికే లోపలికి దిగిపోయింది."

నేను తలుపు చూపించాను.

మొన్న నేనే పోయి ఆమెను అడిగాను. "ఇంకొకలకు గట్ల కాకుంట ఏం జేస్తున్నవ్?"

కొత్త డాక్టర్లకు నేర్పుతోందట. సూదిని బొమ్మ మెడకే గుచ్చుతారు. స్కానింగ్ మెషిన్‌తో నరం వెతకడం మాత్రం మనిషి మెడ మీద నేర్చుకోవాలట.

"నా మెడ పనికొస్తదా?" అన్నాను.

రేపు పోతున్నానక్కా. ఆ చెయ్యి తాకితే ఓర్చుకుంటానో, లేచి వచ్చేస్తానో తెలియదు.

నీ చెల్లెలు,
సక్కుబాయి


మంగళవారం

అక్కా,

పోయాను. మెడకు చల్లటి జిగురు పూసి శ్రీసుధ మెషిన్ ఆనించింది. ఆ చెయ్యి తగలగానే లేవబోయాను. అంతలో తెర మీద నా నరాలు కనిపించాయి. ఒకటి టక్ టక్ కొట్టుకుంటోంది, ఇంకొకటి నొక్కితే అణుగుతోంది. "అణిగేదే మనకు కావాలమ్మా" అంది. చూస్తూ అట్లాగే పడుకుని ఉండిపోయాను.

తర్వాత పక్క బల్ల మీద సంజీవ అనే కొత్త డాక్టరు బొమ్మకు సూది గుచ్చి, "వచ్చేసింది మేడం!" అన్నాడు. తెర మీద తెల్లచుక్క. నాకు ఆగలేదు.

"ఏమొచ్చింది బిడ్డా? కొసనా, నడుమనా? జర చూపియ్."

"అమ్మో, పరీక్షకు గూడ నువ్వే వస్తవా పెద్దమ్మా?"

"అవ్, వస్త. ముందుగాల చూపియ్."

నవ్వుతూ మెషిన్ జరిపాడు. కొస నరం అవతలి గోడ దాటి ఉంది. నవ్వు ఆగింది. సూది వెనక్కి లాగి, ఈసారి కొసను వదలకుండా చూస్తూ పోయాడు. శ్రీసుధ నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకోలేదు.

ఇక ప్రతి సోమవారం పోతాను. తిట్టాలనుకుంటే తిట్టక్కా. నిన్న ఇంటికొచ్చి చింతచిగురు పప్పు వండుకుని, ఇన్నాళ్లకు రెండోసారి వడ్డించుకున్నాను.

నీ సక్కు