‘హౌస్ ఓన్లీ’ అన్న బోర్డును నేను చదివిన తీరు

నల్లగండ్ల,
8 సెప్టెంబర్ 2025.

మా సర్కిల్ ఉప కమిషనర్ గారికి,

చింతకింది సుగుణ, వయసు 52, భర్త పేరు లింగమూర్తి, గృహిణి, ఫ్లాట్ నం. 204, నల్లగండ్ల, రాసుకున్న అర్జీ.

విషయం: మా అపార్ట్‌మెంట్ వెనుక సందులోని ‘గోదాం’ అనే సంగీత క్లబ్బుపై 28.07.2025న నేను ఇచ్చిన ఫిర్యాదును వెనక్కి తీసుకొనుట, సదరు క్లబ్బుకు వేసిన సీలును ఈ నెల 30వ తేదీలోగా తీయించుట గురించి.

అయ్యా,

తమ కార్యాలయానికి ఇది నా రెండో అర్జీ. మొదటిదాని మీద తమరు పదకొండు రోజుల్లో చర్య తీసుకున్నారు. ఇచ్చిన అర్జీకి ఇంత త్వరగా పని జరిగినవారు మా బంధువుల్లో ఒక్కరూ లేరు. ఈసారి కూడా అంతే త్వరగా జరగాలనీ, ఈసారి నాకు వ్యతిరేకంగా జరగాలనీ కోరుతూ కింది అంశాలు మనవి చేసుకుంటున్నాను.

1. మొదటి అర్జీలో నేను రెండు సంగతులు రాశాను. ఒకటి: సదరు గోదాం నుంచి మా పడకగది గోడకు ‘దబ్, దబ్, దబ్’ అని ఆగకుండా ఒకే తీరు చప్పుడు వస్తున్నదని. జూన్ 1 నుంచి జూలై 27 వరకు చప్పుడు మొదలైన వేళ, ఆగిన వేళ రాసిన రిజిస్టర్ పేజీల నకళ్లు జతపరిచాను. పాలవాడు రాని రోజులు, కరెంటు పోయిన వేళలు, నీళ్ల ట్యాంకర్లు వచ్చిన తేదీలు ఇరవై ఆరేళ్లుగా రాస్తున్న చెయ్యి ఇది. రాసింది తప్పై ఉంటుందని నాకు తోచలేదు. మా వారు మాత్రం “నా గురక గూడ ఎక్కించినవా అండ్ల?” అని అడిగారు. ఎక్కించలేదు.

2. రెండో సంగతి: ఆ గోదాం గేటు పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న బోర్డు ఉంది. ‘గోదాం. హౌస్ ఓన్లీ. ఆదివారం 4 నుంచి 10.’ దాన్ని ఫోటో తీసి జతపరచి, కింద ఇలా రాశాను: “సదరు కట్టడానికి నివాస గృహంగా మాత్రమే అనుమతి ఉన్నట్లు వారి బోర్డే చెప్పుచున్నది. అయినను ఇంటిని క్లబ్బుగా వాడుచున్నారు.” ఈ వాక్యం రాసిన రోజున నాకు చాలా తృప్తిగా ఉండింది. దొంగ తన చేత్తోనే రాసిచ్చినట్టు అనుకున్నాను.

3. తమ సిబ్బంది వచ్చి చూశారు. వెనుక వాచ్‌మన్ కోసం కట్టిన రెండు గదుల వల్ల పన్ను రికార్డులో కొంత భాగం నివాసమని ఉందట. నా వాక్యం, ఆ రికార్డు ఒకదానికొకటి సరిపోయాయి. ఆగస్టు 8న సీలు పడింది. ఇందులో తమ సిబ్బంది తప్పు లేదు, నేను రాసినదాన్ని నమ్మారు. నాకు కూడా ఎవరి మీదా దురుద్దేశం లేదు.

4. హౌస్ అంటే ఇల్లు కాదని, అది ఒక రకం సంగీతం పేరని నాకు ఆగస్టు 10న తెలిసింది. చెప్పింది మా అమ్మాయి యశస్విని. వయసు 25, గచ్చిబౌలిలో ఉద్యోగం. ఏడాదిగా ప్రతి ఆదివారం సాయంత్రం చెప్పులు వేసుకుంటూ “హౌస్‌కి పోతున్న మమ్మీ” అనేది. “ఎవరి హౌస్?” అని ఒకసారి అడిగాను. “అందరిది” అని నవ్వింది. బండి తీయకుండా నడిచి పోయేది కనుక దగ్గరే ఎవరో స్నేహితురాలి ఇల్లనుకున్నాను. తిరిగి వచ్చేసరికి చున్నీ చెమటతో తడిసి ఉండేది. పాపం వాళ్లింట్లో ఏసీ లేదు కాబోలు అనుకుని రెండుసార్లు మజ్జిగ కలిపిచ్చాను.

ఆ అమ్మాయి ఒక్క రోజు కూడా అబద్ధం చెప్పలేదు. ఎక్కడికి పోతున్నదో ప్రతి వారం నాకు చెప్పే పోయింది.

ఆగస్టు 10 ఆదివారం కూడా చెప్పి పోయింది, పావుగంటలో తిరిగి వచ్చింది. గోదాం షట్టర్ మీద తమ నోటీసు, దాని పక్కన రిజిస్టర్ పేజీలతో సహా నా అర్జీ నకలు అంటించి ఉన్నాయట. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి “మమ్మీ, నీ చేతిరాత మంచిగుంది” అని మాత్రం అన్నది. హౌస్ అంటే ఏమిటో ఆ తర్వాత చెప్పింది, రెండు ముక్కల్లో, ఎవరో కొత్త మనిషికి దారి చెప్పినట్టు. అప్పటి నుంచి ఆదివారం బయటికి పోయేటప్పుడు “పోతున్న” అంటుంది. ఎక్కడికో చెప్పదు.

5. ఇక చప్పుడు సంగతి. ఆగస్టు 12 మంగళవారం తెల్లవారి 5.10కి దబ్ దబ్ మొదలైంది. అలవాటు కొద్దీ రిజిస్టర్ తీసి వేళ రాశాను. రాశాక పెన్ను ఆగిపోయింది. గోదాముకు సీలు పడి నాలుగు రోజులైంది. అప్పుడు కరెంటు రిజిస్టర్, చప్పుడు రిజిస్టర్ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయిన ప్రతిసారి చప్పుడు కూడా ఆగింది. రెండు నెలల్లో పదకొండుసార్లు. రెండు రిజిస్టర్లూ నావే, రెండూ ఒకే అల్మారాలో ఉంటాయి.

ఆగస్టు 14న ప్లంబర్ యాదయ్య మోటర్ గది తెరిచాడు. మేడమీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటర్ కింద రబ్బరు ముక్కలు అరిగిపోయి, మోటర్ నేలను కొడుతున్నది. ఆ దెబ్బ పైపు పట్టుకుని మా పడకగది గోడలోకి వస్తున్నది. యాదయ్య గోడ మీద చెయ్యి పెట్టి నవ్వాడు. “ఎక్కడనో డీజే ఉన్నదని పరేషాన్ అయితున్నరు గని అమ్మా, మీ ఇంట్లనే మోగుతుంది.”

రబ్బరు మార్చాడు. చప్పుడు పోయింది.

6. ఆ మరునాడు ఆగస్టు 15. జెండా ఎగరేశాక మా సంఘం కార్యదర్శి రాకేష్ గారు నన్ను ముందుకు పిలిచి శాలువా కప్పారు. “సుగుణ గారి వల్ల మనందరికీ ప్రశాంతత వచ్చిందండి. నిన్నటి నుంచి గమనించారా, ఒక్క చప్పుడు లేదు” అన్నారు. ముప్పై ఒక్క ఫ్లాట్ల వాళ్లు చప్పట్లు కొట్టారు. చప్పుడు మోటరుదని నాకు తెలిసి అప్పటికి పద్దెనిమిది గంటలు. నేను నమస్కారం పెట్టి, శాలువా మడతపెట్టుకుని, లడ్డూ తీసుకుని ఇంటికి వచ్చాను. ఆ రోజు నుంచి ఈ రోజుకు ఇరవై నాలుగు రోజులు. ఈ ఇరవై నాలుగు రోజులు ఊరుకున్నందుకు నా దగ్గర ఏ కారణమూ లేదు. శాలువా బీరువాలో కింది అరలో ఉంది. దుప్పట్లు తీసేటప్పుడు చెయ్యి తగులుతుంది.

7. ఆగస్టు 31 ఆదివారం సాయంత్రం నాలుగింటికి, యశస్విని “పోతున్న” అని చెప్పి పోయాక, నేను గోదాం దగ్గరికి వెళ్లాను. సీలు వేసిన షట్టర్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. పేరు కొమురయ్య. ముప్పై ఏళ్లు చందానగర్‌లో పెళ్లిళ్లకు, బోనాలకు మైక్ సెట్ పెట్టినవాడు. ఈ క్లబ్బులో స్పీకర్లు ఆయనే కట్టాడు. అవి లోపల ఉండిపోయాయి. వాన పడితే రేకుల కింది నుంచి నీళ్లు లోపలికి పోకుండా బయటి కాలువలో ఆకులు తీస్తూ రోజూ అక్కడే ఉంటున్నాడు.

“ఎవరు గావాలె అమ్మా?”

“ఇది ఎప్పుడు తెరుస్తారని…”

“ఎవరో సుగుణమ్మ అట. ఆమెకు దయ గల్గినప్పుడు.”

నా పేరు చెప్పలేకపోయాను. ఆయన నా మొహం చూసి పిల్లల కోసం వచ్చిన తల్లిననుకున్నాడు.

“మీ పిల్లలు గూడ వచ్చేటోళ్లా?”

“మా అమ్మాయి. యశస్విని.”

“యశు తల్లివా!” కొమురయ్య లేచి తన కుర్చీ నాకు వేశాడు. “ఎడమదిక్కు స్పీకర్ ముంగట నిలవడ్తది. కండ్లు మూసుకొని ఆడ్తది, ఎవల్ని చూడది. తాగేది ఉత్త నీళ్లే. పోయేటప్పుడు నా కాడికొచ్చి ‘తాతా, ఇయ్యాల కింది సౌండ్ జర ఎక్కువైంది’ అంటది. నేను సూస్త, నిజంగనే ఎక్కువుంటది. అంత చెవి ఎవరిదమ్మా, మీదా, సార్‌దా?”

నాది కాదన్నాను.

ఈ సంగీతం ఎలా ఉంటుందని అడిగాను. “డప్పు లెక్కనే అమ్మా, గని తొందర లేదు. ఒకటే దెబ్బ గంటలకు గంటలు నడుస్తది. దాని మీద మెల్లమెల్లగ మారుతనే ఉంటది. ఇనెటోనికే తెలుస్తది” అన్నాడు.

ఆయన చెప్పిన ప్రకారం ఈ ఐటీ రోడ్ల వెంట ఎన్ని క్లబ్బులున్నా హౌస్‌కు చోటు లేదు. ముందు మాదాపూర్‌లో ఒక మేడ మీద గురువారాలు ఇచ్చారు, అది బఫే హాలైంది. తర్వాత కొండాపూర్‌లో ఒకచోట ఇచ్చారు, క్రికెట్ తెర పెట్టాక పొమ్మన్నారు. మూడోచోట తాగినవాళ్లు ఫోన్లో సినిమా పాట పేరు రాసి వాయించేవాళ్ల మొహం మీద పెట్టేవారు. అందుకే నాలుగోచోట, ఈ గోదాములో, క్లబ్బు నడిపే మధు అనే అబ్బాయి ఆ బోర్డు పెట్టాడట. సినిమా పాటలు, తీన్‌మార్ అడగొద్దు, ఇక్కడ హౌస్ మాత్రమే అని. వచ్చేవాళ్లు డెబ్బై, ఎనభై మంది. ఇప్పుడు వాళ్లకు ఊళ్లో ఎక్కడా లేదు.

“గోడల పొంట కొబ్బరిపీచు పరుపులు కొట్టిన అమ్మా, రెండు వరసలు. గేటు బయట నిలవడితే ఇనరాదు. ఆమె ఎట్ల ఇన్నదో ఏమో. ఆదివారం ఒక్కటే మేము పెట్టేది. ఆమె సోమారం రాసింది, మంగళారం రాసింది, పొద్దుగాల అయిదింటికి రాసింది. రాసేటామె ఒక్కపారి వచ్చి ఇంటే అయిపోవు గదా?”

అప్పుడు చెప్పాను, సుగుణను నేనేనని.

చినుకులు మొదలయ్యాయి. కొమురయ్య కాలువ దగ్గరికి పోయి, “ఆ చీపురు జర ఇటియ్యుండ్రి” అన్నాడు. ఇచ్చాను. ఆకులు తీస్తూనే చెప్పాడు. గోదాం యజమాని ఈ నెల 30 వరకే ఆగుతానన్నాడట. ఆలోగా సీలు తీయకపోతే జిమ్‌కు కిరాయికి ఇచ్చేస్తాడు. “అయిదో జాగ దేవులాడే ఓపిక మధుకు లేదమ్మా. నాకైతే అస్సలు లేదు.”

8. కావున ప్రార్థన ఏమనగా:

సదరు గోదాముకు వేసిన సీలును సెప్టెంబర్ 30లోగా తీయించవలెను.

ఫైలులో నా వాక్యం ఉన్నచోట, ‘హౌస్’ అనునది ఇల్లు కాదు, సంగీతము అని ఎర్ర సిరాతో రాయించవలెను. లేనియెడల మళ్లీ ఎవరైనా ఆ ఫైలు తెరిచి, నాలాగే చదివే ప్రమాదం ఉన్నది.

తప్పుడు ఫిర్యాదుకు చర్య ఏదైనా ఉంటే నా ఒక్కదాని మీదే తీసుకోవలెను. మిగతా ముప్పై ఫ్లాట్లవారు నా చేతిరాత నీటుగా ఉన్నదని మొదటి అర్జీ కింద సంతకం పెట్టారు, లోపల చదవలేదు.

ఈ కాగితాన్ని మొదటి కాగితం మీద పెట్టి, రెండూ కలిపి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
చింతకింది సుగుణ

జతపరచినవి: కరెంటు రిజిస్టర్ నకలు, 6 పేజీలు. యాదయ్య ఇచ్చిన అరిగిన రబ్బరు ముక్క, కవరులో, ఒకటి. చప్పుడు రిజిస్టర్ 9వ పేజీ, అసలుది, ఒకటి.

తా.క.: పై 3వ అంశంలో దురుద్దేశం లేదని రాశాను. ఆ వాక్యం కొట్టివేయవలెను. సంతకం పెట్టాక మళ్లీ చదివితే అక్కడ కన్ను ఆగింది.

మొదటి అర్జీకి జతపరిచిన రిజిస్టర్ నకళ్లు తమ రశీదులో పద్నాలుగు అని ఉంది. రిజిస్టర్‌లో ఉన్నవి పదిహేను. 9వ పేజీని జిరాక్స్ షాపులో నేనే పక్కన పెట్టాను. షాపు అతను “ఒకటి మిగిలిందమ్మా” అని చేతికిచ్చాడు కూడా. అక్కర్లేదన్నాను. ఆ పేజీ ఉంటే అర్జీ పలచబడుతుందని నాకు తెలుసు.

అది జూన్ 24, మంగళవారం, సాయంత్రం 5.40. నేను వేళ రాసుకుంటుంటే యశస్విని వచ్చి పడకగది గోడకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు విన్నది. ఆ అమ్మాయి అన్న మాట నేను అప్పుడే, ఆ వరుసలోనే రాశాను. అర్థం కాలేదని కింద రాశాను కాని, సగం అర్థమైంది. పేజీ అడుగున తమరు చూడవచ్చు, నా చేతిరాతలోనే ఉంది:

“ఇది హౌస్ కాదు మమ్మీ. మన మోటర్.”