కుడి చెంప మీద చెయ్యి

ఏమండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. భోజనాలయ్యాక మన అమ్మాయి పద్మ వాళ్ళ ఫిజియోథెరపీ కాలేజీలో విన్న సంగతి చెప్పింది. నరాల డాక్టర్లూ ఇంజనీర్లూ కలిసి పరిశోధన చేస్తున్నారట. చెయ్యి తెగిపోయినా మెదడులో దాని చోటు అలాగే ఉంటుందట. దాని పక్కనే ముఖం చోటట. అందుకే చెంప ముట్టుకుంటే చెయ్యి ముట్టుకున్నట్టు ఉంటుందట.

చల్లపల్లి మిల్లులో మీ కుడిచెయ్యి పోయాక గడ్డం నేనే గీసేదాన్ని కదా. "పోయిన బొటనవేలు గీస్తున్నట్టుందే" అనేవారు. అత్తయ్యగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు.

ఆఖరి రోజు ఆసుపత్రిలో మీ ఎడమచేతికి సెలైన్ పెట్టారు. పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేక, మీ కుడి చెంప మీద చెయ్యేసి కూర్చున్నాను. "నా చెయ్యి వదలకే" అన్నారు. జ్వరంలో ఏదో అంటున్నారనుకున్నాను.

అయినా తియ్యలేదు లెండి.