రిజిస్టర్‌లో ఉన్న జబ్బు నాది కాదు

వైద్యాధికారి గారి సముఖమునకు,
పిల్లప్ప లేఅవుట్ ఆరోగ్య కేంద్రం, బెంగళూరు.

అయ్యా,

విషయం: సాలీడు కాటు వల్ల వచ్చిన పొక్కులను చికెన్‌పాక్స్‌గా నమోదు చేసిన తప్పును దిద్దించుట గురించి.

కన్నడం మాట్లాడగలను గాని రాయలేను. తమకు తెలుగు వచ్చునని తెలిసి ఇలా రాసుకుంటున్నాను.

1. నేను జిగణిలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడను. హెబ్బగోడిలో మునివెంకటమ్మ గారి ఇంట్లో అద్దెకుంటున్నాను. ఈ నెల మూడో తేదీ ఉదయం, గదిలో ఓనరమ్మ దాచుకున్న గోనెసంచుల మీద ఆరవేసిన చొక్కా తొడుక్కోగా మోచేతి పైన సాలీడు కరిచినది. డ్యూటీకి వెళ్లితిని.

2. రెండో రోజుకు కరిచిన చోట నల్లబడి, జ్వరం వచ్చి, మెడ నుంచి తొడల దాకా ఆవగింజలంత చీము పొక్కులు లేచినవి. పెద్దాసుపత్రి డాక్టరమ్మ పరీక్షించి, ఇది విషానికి చర్మం తిరగబడడమే గాని అంటుకునేది కాదని చీటీ రాసిచ్చినారు. జతపరచడమైనది.

3. ఓనరమ్మ ఆ చీటీని ఒప్పుకొనలేదు. "అమ్మ పోసుండాదప్పా, నీళ్లు పోసుకోవద్దు" అని నా గుమ్మానికి వేపమండలు కట్టినారు. నేను క్రైస్తవుడనని మనవి చేయగా, "ఆయమ్మకు అందరూ బిడ్డలేప్పా" అని సెలవిచ్చినారు. తొమ్మిది రోజులు రాగి అంబలి పోసి చూసుకున్నదీ ఆమెయే. ఇది ఫిర్యాదు కాదు.

4. సర్వేకు వచ్చిన ఆశా కార్యకర్త అంబిక గారు నా ఒంటిని చూడలేదు. వేపమండలను చూసి చికెన్‌పాక్స్ అని రాసుకుని వెళ్లినారు.

5. చర్మం పొట్టులా రాలి, కోలుకుని ఫ్యాక్టరీకి పోగా సూపర్‌వైజర్ శశిధర్ గారు, "చికెన్‌పాక్స్ తగ్గిందని హెల్త్ సెంటర్ లెటర్ లేకుండా లోపలికి ఎలా పంపిస్తా బ్రో? సోమవారం దాకా చూస్తా. తర్వాత వేరేవాళ్లను పెట్టేస్తా" అన్నారు.

6. తమ గుమాస్తా గురుమూర్తి గారిని లెటర్ అడిగితిని. "చికెన్‌పాక్స్ వచ్చిందని ఒప్పుకో, మూడు వారాలు నిండినాక తగ్గిందని రాసిస్తా. రానే లేదంటే తగ్గిందని ఎట్ల రాసేదప్పా?" అన్నారు. ఎంత ఆలోచించినా ఆయన మాటలో తప్పు కనపడలేదు. అందుకే భయం వేసినది.

కావున తాము స్వయంగా నా ఒంటిని చూసి, రిజిస్టర్ దిద్దించి, సోమవారం లోపల లెటర్ ఇప్పించే దయ ఉంచి ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అంటువ్యాధి లేనివాడు,
ఇస్సాకు

తా.క.: పైదంతా మొన్న రాసినది. ఆ సాయంత్రమే ఓనరమ్మ, "యాడుండాదప్పా నీ పురుగు, చూపీ" అంటూ ఉత్త చేతులతో గోనెసంచులు దులిపింది. ముంజేతి మీద సాలీడు కరిచింది. ఈ పొద్దు అక్కడ నల్లబడి, మెడంతా పొక్కులు. ఆమెకు షుగర్ ఉంది సార్. ఆసుపత్రికి రమ్మంటే "నాకూ అమ్మ పోసిందిలే" అని నవ్వుతా ఉంది. ఒళ్లు కాలిపోతా ఉంది. నా మాట వినదు, ఆఫీసరు చెబితే వింటుంది. నా లెటర్ తర్వాత చూద్దురు గాని, మీరు ఫోన్లో ఒక్క మాట చెప్పండి. ఆటో ఎక్కించేది నేను. మీ గది బయట బెంచీ మీదనే ఉన్నాను.