ట్యూబు కెమెరా ఇవ్వను

మాదన్నపేట,
జూన్ 14, 2025.

ఇశ్రాయేలన్నకు, కైలాసం నమస్కారం పెట్టి మొదలుపెడుతున్నాడు. ఇక్కడ అందరం క్షేమం. నీ మీద నా కోపం కూడా క్షేమంగానే ఉంది.

మన వీడియో దుకాణం మూసినప్పటి నుంచి నువ్వు నా గడప తొక్కలేదు. నిన్న మాత్రం అల్లుణ్ణి పంపావు, మనం పెళ్లిళ్లు తీసిన కెమెరాను అఫ్జల్‌గంజ్‌లో తుక్కుకు వెయ్యడానికి! దుకాణం మూసిన రోజు మనం అనుకున్నదేమిటి? బొమ్మ వచ్చినంతకాలం దాన్ని ఎవరూ అమ్మొద్దని, బొమ్మ ఆగిపోతే తుక్కుకేనని. మరి వస్తోంది కదా!

నీ అల్లుడు అనురాగ్ దాన్ని ఎత్తి, లెన్సు నేలవైపు పెట్టి సంచిలో దించబోయాడు. "ఏయ్, మూతి కిందికి పెట్టకురా! లోపలి నలుసులు పలక మీద పడ్తయ్, బొమ్మంత మచ్చలైతది" అని అరిచాను. "గిదేమన్న పసిపోరగాడా కాకా?" అని నవ్వాడు. కూర్చోబెట్టి చెప్పాను. ఈ కెమెరా లోపల ఒక గాజు గొట్టం, అదే ట్యూబు, దాని ముందు భాగంలో పలక ఉంటుంది. దాని మీద ఎక్కడ ఎంత వెలుగు పడితే అక్కడ అంత కరెంటు గుర్తు. వెనక నుంచి ఎలక్ట్రాన్ల ధార గీత తర్వాత గీతగా ఆ గుర్తులను చదువుతూ, తుడుస్తూ పోతుంది. అదే టీవీలో బొమ్మ. "మరి ఫోన్ల?" అన్నాడు. ఫోన్లో గొట్టమూ లేదు, ధారా లేదు, నీ మామకు సిగ్గూ లేదు అన్నాను.

టీవీకి తగిలించి స్విచ్ వేశాను. తెర నిండా వాడి మొహమే. "వామ్మో, మస్తు క్లియరుందే!" అని జుట్టు దువ్వుకున్నాడు. మా ఆవిడ నీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. వాడు ఉత్త చేతులతో ఇంటికి పోయాడు.

కాబట్టి ఇవ్వను. స్టేషనుకు పో, పాస్టరుగారిని పిలుచుకురా, ఇవ్వనంటే ఇవ్వను.

ఇట్లు,
నీకు లొంగని
కైలాసం

తా.క. వాడు చూసిన బొమ్మ మన ట్యూబుది కాదు. ట్యూబు లోపల వేడెక్కే తీగ మొన్న చలికాలంలోనే తెగింది, ఇక ధార పుట్టదు. లెన్సు వెనక చిన్న సీసీ కెమెరా ఇరికించాను. నువ్వయితే పట్టేసేవాడివి. మన ట్యూబులో దీపం కదిలితే వెనక వెలుగు తోక సాగేది, ఇందులో సాగదు. మాట ప్రకారం అది తుక్కే. అయినా ఇవ్వను. మనిద్దరిదీ అని చెప్పుకోవడానికి అదొక్కటే మిగిలింది, అది కూడా పోతే నువ్వు నాతో కొట్లాడడానికైనా రావు. ఈసారి అల్లుణ్ణి పంపితే కాళ్లు విరగ్గొడతాను. దమ్ముంటే నువ్వే వచ్చి లాక్కుపో.